పరామర్శ బొత్తం

చావు జరిగిన ఇంటికి వెళ్ళినవాళ్ళు తిరిగి వచ్చేటప్పుడు ‘వెళ్ళొస్తాం’ అనరు. చెప్పకుండా లేచి వచ్చేస్తారు. ఈ సంగతి పసిపిల్లలకు కూడా తెలుసు. లెక్కలేనన్ని చావులకు వెళ్ళొచ్చిన మున్సిపల్ శాఖ మంత్రి పురంధరరావుకు తెలియక కాదు. ఆ రోజు ఆయన ధ్యాస గుమ్మం అవతలి కెమెరాల మీద ఉంది. పడవ మునిగి ఇద్దరు కొడుకులనూ పోగొట్టుకున్న ముసలమ్మ ముందునుంచి లేస్తూ చేతులు జోడించి, "వెళ్ళొస్తానమ్మా" అనేశాడు.

గది చివర గోడకు ఆనుకుని నిలబడ్డ హైమవతి చప్పున వాకిలి వైపు చూసింది. చెవుల్లో బిరడాలున్నాయి కనుక మాట వినపడలేదు కానీ పెదవుల కదలిక చూస్తే తెలిసిపోయింది. మరో రోజైతే ఆ ముసలమ్మ దుమ్మెత్తి పోసేది. వాకిట్లో ఉన్న ఆడవాళ్ళు చీపుళ్ళు అందుకునేవాళ్ళు. ఆ వేళ మాత్రం ముసలమ్మ తలెత్తి మంత్రిని తేటగా చూసింది.

"మంచిది బాబూ. రండి" అంది.

మళ్ళీ రమ్మంది. చావింటికి మళ్ళీ రమ్మని పిలిచింది. హైమవతికి ఒళ్ళు జలదరించిన మాట నిజమే కానీ, ఆ సాయంత్రం ప్రయోగశాలలో లడ్డూలు పంచితే ఆమె కూడా ఒకటి తీసుకుంది. మొదటిసారి ఆసుపత్రి బయట చేసిన ప్రయోగం ఫలించినందుకు డైరెక్టరు దక్షిణామూర్తి ఆమె చెయ్యి పట్టుకుని వదల్లేదు.

ఆ ప్రయోగశాల విశాఖలో కొండవాలు మీద ఉంది. ఆ రోజు మంత్రి చొక్కాకు పెట్టిన బొత్తం అక్కడ హైమవతి కనిపెట్టిందే. చొక్కా కాలరు కింద ఇమిడిపోయే చిన్న వస్తువు. మనిషి మాట్లాడుతుంటే ఆ మాట అడుగున చెవికి తెలియని అదురు ఒకటి కలిపి పంపుతుంది. పెద్దాసుపత్రి కాలిన గాయాల వార్డులో ఒక తల్లి ఉండేది. పేరు సూరమ్మ. గ్యాసు బండ లీకై కూతురు మంటల్లో పోయింది. సూరమ్మ నెలరోజుల పాటు అన్నం ముట్టలేదు. హైమవతి ఆ బొత్తం పెట్టుకుని ఆమె మంచం పక్కన కూర్చుని ఊరికే అవీ ఇవీ మాట్లాడింది. కాసేపటికి సూరమ్మ లేచి కూర్చుని, "అమ్మా, ఆకలేస్తంది" అంది. కూతురు గుర్తుందా అని అడిగితే గుర్తుందంది. ఏ గౌనంటే ఇష్టమో, ఏ పాట పాడేదో అన్నీ చెప్పింది. చెబుతుంటే కళ్ళు చెమర్చలేదు. జ్ఞాపకానికీ బాధకీ మధ్య ఉండే ముడి విడిపోయింది, అంతే. ఆ రోజు హైమవతి బాత్రూములోకి వెళ్ళి సంతోషంతో ఏడ్చింది. తన బొత్తం తనకు పనిచెయ్యకుండా చెవుల్లో బిరడాలు పెట్టుకోబట్టి ఏడవగలిగింది.

అలాంటి వస్తువు వార్డులో ఎంతకాలం ఆగుతుంది? పురంధరరావు స్వయంగా కొండెక్కి వచ్చాడు. అప్పటికి ఆయన పరిస్థితి ఏమీ బాగాలేదు. ఎక్కడ ఎవరు పోయినా శవాన్ని నడిరోడ్డు మీద పెట్టి ధర్నా చెయ్యడం, మంత్రి వస్తే రాళ్ళు రువ్వడం మామూలైపోయింది.

"తల్లీ, నేను ఓదార్చడానికే వెళ్తున్నాను. వాళ్ళు నా మాట విననే వినరు. నాకూ పిల్లలున్నారు కదా, ఆ బాధ నాకు తెలీదా?" అన్నాడు హైమవతితో. ఆ గొంతులో అబద్ధం లేదు. హైమవతి జాలిపడింది. దక్షిణామూర్తి అయితే మూసేస్తారనుకున్న ప్రయోగశాలకు ఊపిరి వచ్చిందని పొంగిపోయాడు.

ఆ తరవాత ఒక ఏడాది రాష్ట్రం చాలా ప్రశాంతంగా ఉంది. అంటే చావులు తగ్గాయని కాదు. బడి గోడ కూలింది. బాణసంచా తయారుచేసే చోట పేలుడు జరిగింది. కల్తీ సారా ఒక ఊరిని ఊడ్చేసింది. ప్రతిచోటికీ మంత్రి వెళ్ళాడు, కూర్చున్నాడు, మాట్లాడాడు. జనం కళ్ళు తుడుచుకుని ఇళ్ళకు పోయారు. ఇదివరకు మంత్రి వస్తున్నాడంటే పోలీసులు ముందొచ్చేవాళ్ళు. ఇప్పుడు మంత్రి వస్తున్నాడంటే పోలీసులు ఇంటికి పోయి భోంచేసి పడుకుంటున్నారు. విచారణ కమిటీ వేస్తామని చెప్పే అవసరం కూడా లేకపోయింది, ఎందుకంటే అడిగేవాడు లేడు.

హైమవతి ఢిల్లీలో ఒక సదస్సులో ఉండగా కోటగెడ్డ నుంచి ఫోను వచ్చింది. కోటగెడ్డ ఆమె అక్క వరహాలమ్మ కాపురముండే చిన్న పట్నం. వాళ్ళ వీధిలో వాంతులు, విరేచనాలు మొదలై వారమైంది. మురుగు కాలువ కింద పోయే మంచినీళ్ళ పైపు చిల్లిపడిందని వీధి మొత్తానికీ తెలుసు. మున్సిపాలిటీకి చెప్పీ చెప్పీ నోళ్ళు నొప్పెట్టాయి. పదిమంది దాకా పోయారు. ఆ పదిమందిలో వరహాలమ్మ పెద్దకూతురు కుసుమ ఉంది. నర్సింగు చదువుతున్న పిల్ల, పిన్నిలా తెల్లకోటు వేసుకుంటానని చిన్నప్పటినుంచీ హైమవతి వెంట తిరిగిన పిల్ల.

హైమవతి విమానాశ్రయంలో ఉండగానే ఫోనులో వీడియో చూసింది. మున్సిపల్ ఆఫీసు ముందు శవాలను వరసగా పడుకోబెట్టారు. అందరికంటే ముందు వరహాలమ్మ కూర్చుని ఉంది, జుట్టు విరబోసుకుని, కూతురి తల ఒళ్ళో పెట్టుకుని.

"ఆ గొట్టం తవ్వి తీసినదాకా నేను లెగను. నా గుంటని, నా కుసుమని కాల్చను. ఎవుడొచ్చినా సరే" అంటోంది.

హైమవతికి దుఃఖం పొంగుకొచ్చింది. దుఃఖంలోనే ఒక ధైర్యం కూడా. అక్క మొండిది. చిన్నప్పుడు అమ్మ పోతే హైమవతిని పెంచింది ఆ మొండితనమే. అక్క లేవదు, పైపు తవ్వక తప్పదు, కనీసం చిన్నది లలిత బతుకుతుంది అనుకుంది. ఆ తరవాత ఇంకో మాట తట్టింది. మంత్రి ఈపాటికి బయల్దేరి ఉంటాడు.

ఆమె కోటగెడ్డ చేరేసరికి ఆఫీసు ముందు ఎవరూ లేరు. చిమ్మి నీళ్ళు చల్లిన నేల ఆరుతోంది. దహనాలైపోయాయి. వరహాలమ్మ ఇంటి ముందు కుళాయి దగ్గర నిలబడి బిందె పట్టుకుంటోంది. చెల్లెల్ని చూసి బిందె దించింది.

"వచ్చీసినావా? నిన్ను చూసి ఎన్నాళ్ళయిందో. కాళ్ళు కడుక్కో, అన్నం ఎడతాను."

హైమవతి అక్కను కావలించుకుని భోరుమంది. వరహాలమ్మ ఆమె వీపు నిమిరింది, ఊరుకోబెట్టే మనిషి నిమిరినట్టు. కూతురు పోయింది ఈ ఇద్దరిలో ఎవరికో చూసేవాళ్ళకు తెలియదు.

"ఊరుకోయే. మంత్రిగారొచ్చినారు. మంచి మనిషి. ఎంత బాగా మాటాడినారో. కుసుమ ఎలిపోనాది, మరేటి సేత్తాం?"

"అప్పా, ఆ బిందెలో నీళ్ళు ఎందుకు పట్టావు?"

"తాగడానికి."

"ఆ కుళాయి నీళ్ళే కదా కుసుమను..."

"అవును" అంది వరహాలమ్మ మామూలుగా. "అయితే ఏటి?"

అక్కకు అన్నీ తెలుసు. నీళ్ళలో మురుగు ఉందని తెలుసు, కుసుమ దానివల్లే పోయిందని తెలుసు. తెలిసినదాన్ని చూసి జంకే గుణం మాత్రం పోయింది. దుఃఖాన్ని కట్టి ఉంచే ముడీ భయాన్ని కట్టి ఉంచే ముడీ వేరువేరు కావు. ఒకటి విప్పితే రెండోది దానంతటదే ఊడిపోతుంది. బిడ్డ చెయ్యి కాల్చిన పొయ్యిని చూస్తే తల్లికి వణుకు పుట్టేది ఆ బాధ గుర్తుండటం వల్లే కదా. ఇంత చిన్న విషయం ప్రయోగశాలలో ఎవరికీ ఎందుకు తట్టలేదో ఆలోచిస్తే హైమవతికి సిగ్గేసింది. వాళ్ళు పరీక్షించినవాళ్ళందరికీ జరగాల్సింది జరిగిపోయింది. మునిగిన పడవ మళ్ళీ మునగదు. ఇక్కడ చంపినది ఇంటి ముందే ఉంది, తిప్పితే ధారగా వస్తోంది.

లలితకు పదకొండేళ్ళు. పిన్ని తెచ్చిన చాక్లెట్లు తింటూ గడప మీద కూర్చుంది. కుసుమ మాట ఎత్తితే, "మంత్రి తాతగారు సెప్పినారు, ఏడవకూడదని" అంది.

పిల్లను విశాఖ తీసుకుపోతానంది హైమవతి. వరహాలమ్మ ఒప్పుకోలేదు. కోప్పడలేదు, వాదించలేదు, నవ్వి కాదంది, ఇల్లుండగా ఎందుకంది. వీధిలోవాళ్ళు కూడా వచ్చి అదే మాటన్నారు. హైమవతి ఆటో నిండా మంచినీళ్ళ క్యాన్లు తెచ్చి దించింది. మర్నాటికి వాటిలో సగం గేదెల కుడితిలోకి పోయాయి. మూత తియ్యడం కష్టంగా ఉందట, కుళాయైతే తిప్పితే చాలట.

ఆమె విశాఖ వచ్చి ముందుగా సూరమ్మ గురించి వాకబు చేసింది. ఆకలేస్తోందని లేచి కూర్చున్న ఆ తల్లి ఇంటికి వెళ్ళి అదే గ్యాసు బండ, అదే పాత గొట్టం వాడుకుంది. వాసన వస్తోందని పక్కింటివాళ్ళు అరుస్తూ ఉండగానే అగ్గిపుల్ల గీసింది. ఈసారి వార్డు దాకా కూడా రాలేదు.

"ఇది ఎవరికీ చెప్పకు" అన్నాడు దక్షిణామూర్తి. ఆయన చెడ్డవాడు కాదు. ముఖం పాలిపోయి ఉంది. "లోపం సరిచేద్దాం. ఆరు నెలలు టైమివ్వు. ఇప్పుడు బయటపడితే మొత్తం మూసేస్తారు, అప్పుడు సరిచేసేవాళ్ళు కూడా ఉండరు."

"ఆరు నెలలు కోటగెడ్డ ఏం తాగుతుంది సార్?"

దక్షిణామూర్తి కిటికీ వైపు తిరిగాడు. సముద్రం మీద ఓడలు ఆగి ఉన్నాయి.

మంత్రిని కలవడం కష్టం కాలేదు. ఆయన తోటలో, బొత్తం లేని చొక్కాతో, కుర్చీలో కూర్చుని అంతా విన్నాడు. వీధి పేరు అడిగాడు. కుసుమ గురించి చెబుతుంటే తలూపాడు. ముఖంలో ఒక్క గీత కూడా కదల్లేదు.

"పోయినవాళ్ళు పోయారు తల్లీ" అన్నాడు చివరికి, ఎంతో మెత్తగా. "పైపుదేముంది. చేద్దాం."

"ఎప్పుడు చేస్తారు?"

"చేద్దాం."

తోలుమందం అంటే ఇదీ అనుకుంది హైమవతి. ఇంతకాలం తాను జాలిపడింది ఇతనిమీదనా అనుకుని పళ్ళు కొరుక్కుంది. కనీసం ఒక అబద్ధపు తేదీ అయినా చెప్పలేదు.

పత్రికలకు చెప్పింది. ఒక విలేకరి కోటగెడ్డ వెళ్ళి వచ్చాడు. అక్కడ ఎవరికీ ఫిర్యాదు లేదమ్మా, మీ అక్కగారికే లేదు, నేనేం రాయను అన్నాడు. డాక్టర్లు వచ్చారు, క్లోరిన్ బిళ్ళలు పంచారు. జనం మర్యాదగా తీసుకుని చూరులో దోపుకున్నారు. మళ్ళీ వాంతులు మొదలయ్యాయి. ఈసారి శవాలను వీధిలోకి తీసుకురావాలని ఎవరికీ అనిపించలేదు. పైపు తవ్వించేది కోపమే. ఆ కోపం ఉండాల్సిన చోట కోటగెడ్డలో ఇప్పుడు ఏమీ లేదు, తుడిచేసిన పలకలా ఉంది.

రెండోసారి చావులు జరగ్గానే మంత్రి మళ్ళీ పరామర్శకు వస్తున్నాడని తెలిసింది. హైస్కూలు మైదానంలో సభ, టీవీలవాళ్ళంతా వస్తారు. అప్పుడు హైమవతికి ఆ ఆలోచన వచ్చింది.

రాజకీయ నాయకుల గురించి తెలుగునాట ఎవరికైనా ఒక్క సంగతి మాత్రం రూఢిగా తెలుసు. వాళ్ళు జనం తాగే నీళ్ళు తాగరు. కారులో వాళ్ళ సీసాలు వాళ్ళకుంటాయి. పురంధరరావుకు అందరి ఎదుటా ఈ కుళాయి నీళ్ళు ఒక గ్లాసు ఇస్తే? ఆయన చెయ్యి వెనక్కి తీసుకుంటాడు. నసుగుతాడు. పీఏ వచ్చి సీసా అందిస్తాడు. ఆ ఒక్క క్షణం టీవీల్లో వస్తే చాలు, రాష్ట్రమంతా చూస్తుంది. కోటగెడ్డకు భయం లేకపోవచ్చు, బయటివాళ్ళకు ఉంది. వాళ్ళ కోపమైనా ఈ పైపు తవ్విస్తుంది. ఆయన పిరికితనమే మందు. హైమవతి ఎంత ఆలోచించినా ఈ లెక్కలో తప్పు కనపడలేదు.

సభ పొద్దుటిపూట జరిగింది. షామియానా కింద వీధంతా వచ్చి కూర్చుంది. వరహాలమ్మ ముందు వరసలో, పక్కన లలిత. హైమవతి చెవుల్లో బిరడాలు గట్టిగా నొక్కుకుంది. స్టీలు గ్లాసు తీసుకుని బడి గేటు దగ్గరి కుళాయి తిప్పింది. అదీ ఆ వీధి పైపుదే. నీళ్ళు తేటగానే ఉన్నాయి. ముక్కు దగ్గర పెట్టుకుంటే మాత్రం కాలువ వాసన.

మంత్రి మాట్లాడుతున్నాడు. జనం తలలు గాలికి పైరు వంగినట్టు మెల్లగా ఊగుతున్నాయి. ఆమె కెమెరాల ముందునుంచి నడుచుకుంటూ వేదిక మెట్లెక్కింది. ఎవరూ ఆపలేదు. పోలీసులు కూడా ప్రసంగం వింటున్నారు. పీఏ మాత్రం ఆమెలాగే చెవులు మూసుకున్నవాడు కనుక గాభరాగా ముందుకొచ్చాడు. ఆలోపే ఆమె గ్లాసు చాపింది.

"అయ్యా, ఇవి మా అక్క వీధి కుళాయి నీళ్ళు. మా కుసుమ తాగిన నీళ్ళు. మీరొక్క గుక్క తాగండి" అంది. తన గొంతు తనకే ఎక్కడో దూరంగా వినిపించింది. కెమెరాలన్నీ ఇటు తిరిగాయి.

పీఏ సీసా మూత తిప్పి మంత్రి మోచేతి దగ్గర పెట్టాడు. హైమవతి అనుకున్నట్టే అంతా జరుగుతోంది.

పురంధరరావు సీసా వైపు చూడలేదు. గ్లాసు అందుకున్నాడు. దానిలోకి చూశాడు, హైమవతి ముఖంలోకి చూశాడు. ఆ కళ్ళలో నటన లేదు, తెగింపు లేదు. వరహాలమ్మ కళ్ళలో ఏముందో అదే ఉంది. ఆయన గ్లాసెత్తి ఆగకుండా అడుగంటా తాగి, పెదవులు తుడుచుకుని, ఖాళీ గ్లాసు ఆమె చేతిలో పెట్టాడు.

"చల్లగా ఉన్నాయి తల్లీ" అన్నట్టుగా పెదవులు కదిలాయి.

అప్పుడు అర్థమైంది హైమవతికి. వీధివాళ్ళు ఆ మాటలు ఒక్క పూట విన్నారు. ఏడాది పొడుగునా, ప్రతి చావింటిలోనూ, ఆ బొత్తానికి అందరికంటే దగ్గరగా ఉన్న చెవులు ఆయనవే. పీఏకు బిరడాలిచ్చారు, డ్రైవరుకు ఇచ్చారు. చెవులు మూసుకుని పరామర్శకు వెళ్ళే మంత్రిని ఊహించలేక ఆయనకు మాత్రం ఎవరూ ఇవ్వలేదు. తోటలో ఆ రోజు తాను చూసింది తోలుమందం కాదు. భయపడే మనిషి అక్కడ మిగల్లేదు. ఆయన పిరికితనం మీద నమ్మకంతో ఆమె ఇంత దూరం వచ్చింది.

మంత్రి మైకు అందుకుని, గేటు వైపు చెయ్యి చూపుతూ ఏదో అన్నాడు. ముందు వరసలో ఆడవాళ్ళు లేచారు. వెనకవాళ్ళూ లేచారు. తోపులాట లేదు, ఒకరి వెనక ఒకరు గేటు దగ్గరి కుళాయి వైపు నడిచారు. కెమెరాలు పట్టుకున్న కుర్రాళ్ళు కూడా కెమెరాలు కింద పెట్టి వరసలో కలిశారు. ఈ దృశ్యం అప్పటికే ఊరూరా టీవీల్లో పోతోంది, మంత్రి గొంతుతో సహా.

హైమవతి వేదిక మీదినుంచి అరిచింది. తాగకండి, చచ్చిపోతారు అని గొంతు చిరిగేలా అరిచింది. కొందరు తిరిగి చూశారు, పాపం ఈవిడకేమైందో అన్నట్టు. అంతమందిలో వణుకుతున్నది ఆమె, పీఏ ఇద్దరే. పీఏ అప్పటికే కారు వైపు పరుగెత్తుతున్నాడు.

మెట్లు దిగేసరికి లలిత ఎదురొచ్చింది. పిన్ని చేతిలోని ఖాళీ గ్లాసు కోసం చెయ్యి చాపింది. వరహాలమ్మ వెనకనుంచి ఏదో అంది. ఇయ్యవే, మంత్రిగారే తాగినారు అని ఉంటుంది. హైమవతి గ్లాసును నేలకేసి కొట్టింది. పిల్లను రెండు చేతులా పట్టుకుని కుదిపి, చెంప మీద గట్టిగా కొట్టింది. ఏడుస్తుందేమోనని. ఒక్కసారి ఏడిస్తే చాలు, లోపల ఇంకా ఏదో మిగిలి ఉన్నట్టే.

లలిత ఏడవలేదు. చెంప మీద వేళ్ళు తేలిన చోట ఓసారి తడుముకుంది. వంగి గ్లాసు తీసుకుని, గౌను అంచుతో మట్టి తుడిచి, వెళ్ళి కుళాయి దగ్గర వరసలో నిలబడింది.